చెల్లికి మైట్రల్ వాల్వ్ సన్నబడింది: ఒకరు ఆపరేషన్ అంటున్నారు, ఒకరు బెలూన్ చాలంటున్నారు

నాగావళి
చెల్లికి 23 ఏళ్లు. ఏడాదిగా మెట్లెక్కితే ఆయాసం, రాత్రి వెల్లకిలా పడుకుంటే దగ్గు. ముందు ఆస్తమా అన్నారు, ఇన్‌హేలర్ వాడాం. ఒకరోజు దగ్గులో రక్తపు చార కనిపిస్తే టీబీ పరీక్ష కూడా చేశారు, ఏమీ లేదు. చివరికి ఒక పెద్ద డాక్టరుగారు ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, స్టెత్ పెట్టి చాలాసేపు విని, వెంటనే 2డి ఎకో తీయించమన్నారు.
రిపోర్టులో ఉన్నది ఇది: రుమాటిక్ హార్ట్ డిసీజ్, సివియర్ మైట్రల్ స్టెనోసిస్, వాల్వ్ ఏరియా 0.9 చదరపు సెంటీమీటర్లు, ఎంఆర్ (వాల్వ్ లీకేజ్) మైల్డ్, విల్కిన్స్ స్కోర్ 7.
మొదటి ఆసుపత్రిలో ఛాతీ తెరిచి వాల్వ్ మార్చాలి, వారంలోగా చేరండి అన్నారు. రెండోచోట తొడ దగ్గర నుంచి బెలూన్ పంపి వెడల్పు చేస్తే సరిపోతుంది అన్నారు. రెండుచోట్లా రెండు నిమిషాల కంటే ఎక్కువ మాట్లాడలేదు. మాఘంలో దాని పెళ్లి, నిశ్చితార్థం కూడా అయిపోయింది. అమ్మ సరిగ్గా తినడం మానేసింది. బంధువులేమో గుండెలో చిల్లు పడిందట అని ఊరంతా చెబుతున్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు.

గోదారి_గట్టు
మా మావయ్యకి ఇలాగే బ్లాకులుంటే స్టెంట్ వేశారు. మూడోరోజు ఇంటికొచ్చేశాడు. టెన్షన్ పడకండి.

ఎకో_గది
స్టెంట్ వేరు, ఇది వేరు గోదారి గారూ. స్టెంట్ వేసేది గుండె కండరానికి రక్తం తెచ్చే నాళాల్లో. వీళ్ల చెల్లికి నాళాలు బాగానే ఉండి ఉంటాయి, ఆ వయసులో బ్లాకులు అరుదు. ఇబ్బంది లోపలి వాల్వ్‌కి.
నేను ఎకో తీసే పనిలో ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. గుండెలో నాలుగు గదులు, నాలుగు వాల్వులు. ఊపిరితిత్తుల్లో శుభ్రపడ్డ రక్తం ముందు ఎడమవైపు పై గదిలోకి వస్తుంది. అక్కణ్ణుంచి ఎడమ కింది గదిలోకి దిగితేనే ఒళ్లంతటికీ పంపు అవుతుంది. ఆ పై గదికీ కింది గదికీ మధ్య ఉన్నదే మైట్రల్ వాల్వ్. మిగతా మూడింటికీ మూడేసి రెక్కలుంటాయి, దీనికి రెండే. రెక్కల అంచుల నుంచి సన్నటి తెల్లని తంతువులు దిగి కింది గదిలోని చిన్న కండరాలకు అతుక్కుని ఉంటాయి. గుండె నొక్కుకున్నప్పుడు రెక్కలు పై గదిలోకి తిరగబడకుండా పట్టి ఉంచేవి అవే.
పెద్దవాళ్లలో ఈ వాల్వ్ పూర్తిగా తెరుచుకుంటే 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. 1.5 లేదా అంతకంటే తగ్గితే సివియర్ అని రాస్తాం. మీ చెల్లిది 0.9. రెండు రెక్కల తలుపు మూలలు రెండూ అతుక్కుపోయి నడుమ సందు మాత్రమే మిగిలితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది తెర మీద. రక్తం పై గదిలో నిలిచిపోయి వెనక ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెంచుతుంది. ఆయాసం, పడుకుంటే దగ్గు, రక్తపు చార అన్నీ అక్కణ్ణుంచి వచ్చినవే. అందుకే ఆస్తమా అనో టీబీ అనో అనుకోవడం చాలామందికి జరుగుతుంది.

నాగావళి
ఇన్నాళ్లకి అర్థమయ్యేలా చెప్పారు. అయితే చిల్లు కాదన్నమాట?

ఎకో_గది
కాదు. చిల్లు అంటే గదుల మధ్య గోడలో పుట్టుకతో ఉండేది. మీ చెల్లికి పుట్టినప్పుడు గుండె బాగానే ఉండి ఉంటుంది. ఒక మాట చెప్పండి, చిన్నప్పుడు కీళ్ల నొప్పులతో జ్వరం వచ్చిందా?

నాగావళి
వచ్చింది! తొమ్మిదో పదో ఏట, హాస్టల్లో ఉన్నప్పుడు. మోకాలు వాచి నడవలేకపోయింది. అది తగ్గగానే మోచెయ్యి, తర్వాత మడమ. ఆర్ఎంపీ నొప్పి బిళ్లలు ఇచ్చాడు, పది పదిహేను రోజుల్లో తగ్గిపోయింది. ఎదిగే పిల్లల నొప్పులు అన్నాడు. అప్పుడు గుండె గురించి ఎవరూ అనలేదు.

ఎకో_గది
అదే రుమాటిక్ జ్వరం. గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా చేరుతుంది. రెండు మూడు వారాల తర్వాత దానిమీద పోరాడాల్సిన మన రక్షణ వ్యవస్థ పొరపాటున కీళ్లమీదా గుండెమీదా పడుతుంది. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో. కీళ్లు పూర్తిగా బాగైపోతాయి, వాల్వ్‌మీద పడ్డ మచ్చ మాత్రం ఉండిపోయి ఏళ్ల తరబడి మెల్లగా బిగుసుకుంటుంది. ఒకే గదిలో చాలామంది పిల్లలు పడుకునే చోట గొంతునొప్పి ఒకరి నుంచి ఒకరికి తేలిగ్గా పాకుతుంది. అందుకే ఇది ఎక్కువగా పేదింటి పిల్లల జబ్బు అయింది.

సీమ_బిడ్డ
చదువుతుంటే కడుపు రగిలిపోతోంది. గొంతునొప్పికి అప్పుడే సరైన పెన్సిలిన్ పడి ఉంటే ఈ పిల్లకి ఈ గతి పట్టేదా?

మద్ది_చెట్టు
నాగావళి గారూ, కోతలూ బెలూన్లూ తర్వాత చూసుకోవచ్చు. తెల్లమద్ది బెరడు పాలలో కాచి మండలం రోజులు తాగించండి. గుండెకి దాన్ని మించింది లేదు. మా తాతల నుంచి వాడుతున్నాం.

వార్డు_సిస్టర్
మద్ది గారూ, మీ నమ్మకాన్ని కించపరచడం లేదు. కానీ అతుక్కుపోయిన రెక్కల్ని ఏ బెరడూ, ఏ బిళ్లా విడదీయలేవు. అల్లోపతీ మందులు కూడా విడదీయవు. లాసిక్స్ ఒంట్లో నీరు తగ్గిస్తుంది, మెటోప్రొలాల్ గుండె వేగం తగ్గిస్తుంది, అంతే. 0.9 ఉన్న పిల్లని మండలం రోజులు ఆపమని దయచేసి చెప్పొద్దు.

కరీంనగర్_పోరడు
అసలు ఆ మొదటి ఆసుపత్రోళ్లు డబ్బుల కోసమే ఆపరేషన్ అన్నట్టున్నరు. మా దిక్కు గిట్లనే చేస్తరు. వెంటనే రెండో దగ్గరికి పోవుడే.

ఎకో_గది
అంత తొందరగా అనేయకండి తమ్ముడూ. బెలూన్ అందరికీ కుదరదు. పై గదిలో రక్తం గడ్డ ఉంటే, లీకేజ్ మోస్తరు దాటితే, వాల్వ్‌లో కాల్షియం బాగా పేరుకుంటే ఆపరేషనే మంచిది. కొన్ని ఆసుపత్రుల్లో బెలూన్ చేసే అనుభవం ఉన్నవాళ్లే ఉండరు, అప్పుడు వాళ్లకు తెలిసింది వాళ్లు చెబుతారు. మొదటి డాక్టరుగారిని ఒక్క ప్రశ్న సూటిగా అడగాలి: బెలూన్ ఎందుకు వద్దంటున్నారు?
విల్కిన్స్ స్కోర్ అంటే రెక్కల కదలిక, మందం, కాల్షియం, కింది తంతువుల మందం, ఈ నాలుగింటికి నాలుగేసి మార్కులు, మొత్తం 16. ఎంత తక్కువైతే అంత మంచిది. 8 లోపు ఉంటే బెలూన్‌కి బాగా లొంగే వాల్వ్ అని లెక్క. మీది 7, లీకేజ్ మైల్డ్. కాగితం మీద చూస్తే బెలూన్ వైపే మొగ్గు. ఇక తేలాల్సింది గడ్డ సంగతి. అది మామూలు ఎకోలో సరిగ్గా కనపడదు, గొంతులోంచి గొట్టం దింపి తీసే టీఈఈలో కనపడుతుంది.

నాగావళి
టీఈఈ మాట రెండో డాక్టరు అన్నారు. గొంతులో గొట్టం అనగానే చెల్లి ఏడ్చింది, వాయిదా వేశాం.

రెండు_పిల్లల_తల్లి
మీ చెల్లికి నా మాటగా చెప్పండి. గొంతులో మొద్దుబారే మందు స్ప్రే చేస్తారు, కొంచెం మత్తు కూడా ఇస్తారు. వాంతి వచ్చేలా అనిపిస్తుంది, మింగమన్నప్పుడు మింగితే గొట్టం దిగిపోతుంది. ఎక్కువసేపు పట్టదు.
నాకు 24 ఏళ్లప్పుడు బెలూన్ చేశారు, పెళ్లికి ముందే. నా వాల్వ్ 0.8 ఉండేది. ఒంటిమీద తెలివితోనే ఉన్నాను. కుడి తొడ మడతలో సూదులు గుచ్చారు, ఆ తర్వాత నొప్పి లేదు. గుండె పై గదుల మధ్య గోడను దాటేటప్పుడు డాక్టరుగారు "ఇప్పుడు కదలకమ్మా" అన్నారు. బెలూన్ ఉబ్బినప్పుడు ఒక్క క్షణం కళ్లు తిరిగినట్టయి గుండె దడదడలాడింది, అంతలోనే అయిపోయింది. ఆ రాత్రి చాలాకాలం తర్వాత ఒక్క దిండుతో పడుకున్నాను. నా వాల్వ్ 1.8కి వచ్చింది. తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు.

గోదారి_గట్టు
అంత చిన్న సందులో ఎంత బెలూన్ పెట్టాలో వాళ్లకెలా తెలుస్తుంది?

ఎకో_గది
ఎత్తును బట్టి. సెంటీమీటర్లలో ఎత్తుని పదితో భాగించి పది కలిపితే సుమారుగా బెలూన్ కొలత మిల్లీమీటర్లలో వస్తుంది. 150 సెం.మీ. మనిషికి 25. ముందు కొంచెం తక్కువకే ఉబ్బించి, ఎకోలో చూసుకుంటూ పెంచుతారు. ఈ బెలూన్ కనిపెట్టింది జపాన్ సర్జన్ కంజి ఇనోవె, మొదట చేసింది 1982లో. దాన్ని అందిపుచ్చుకుని మన దేశంలో లెక్కలేనంతమందికి చేశారు, ఎందుకంటే ఈ జబ్బు మనదగ్గర అంత ఎక్కువ.

డాలస్_అబ్బాయి
మా నాన్నగారికి కూడా వాల్వ్ సన్నబడిందని ఇక్కడ తొడ దగ్గర నుంచే కొత్త వాల్వ్ పెట్టారు, ఛాతీ తెరవలేదు. టావి అంటారు. మీ చెల్లికీ అదే అడగొచ్చు కదా?

వార్డు_సిస్టర్
మీ నాన్నగారిది అయోర్టిక్ వాల్వ్ అయి ఉంటుంది అన్నా. గుండె నుంచి ఒంటికి రక్తం బయటికెళ్లే చోట ఉండేది. వయసుతో కాల్షియం పట్టి గట్టిపడుతుంది. దానికి టావిని 2002లో ఫ్రాన్స్‌లో అలాన్ క్రిబియే మొదట చేశారు. ఈ పిల్లది మైట్రల్, కారణం రుమాటిక్. దీనికి వరస వేరు.

పలాస_జీడి
నేను అడిగేది వేరే విషయం. పెళ్లివాళ్లకి చెప్పారా? నామాట వింటే ఇప్పుడు చెప్పకండి. బెలూన్ గుట్టుగా చేయించేసి పెళ్లి జరిపించండి. ఛాతీమీద మచ్చ కూడా ఉండదు. చెప్పారంటే సంబంధం పోతుంది, ఊళ్లో పేరూ పోతుంది.

సీమ_బిడ్డ
ఇది మాత్రం తప్పు పలాస గారూ. రేపు గర్భం వస్తే ఆ డాక్టరుకి గుండె సంగతి ఎవరు చెబుతారు? దాచిన మనిషి గుండె పరీక్షల కోసం ఎవరికీ తెలియకుండా ఎట్ల పోతుంది?

పలాస_జీడి
ఆడపిల్ల పెళ్లి చెడితే ఏం జరుగుతుందో మా ఇంట్లో చూశాను కాబట్టి అన్నాను. మనసులో చెడు లేదు.

రెండు_పిల్లల_తల్లి
పలాస అక్క భయం నాకు తెలుసు, మా అమ్మ కూడా అదే అంది. కానీ మేం చెప్పేశాం. మా అత్తగారు అడిగింది ఒక్కటే, పిల్లలు పుట్టడానికి ఇబ్బందా అని. మావారిని డాక్టరుగారి దగ్గరికే తీసుకెళ్లాం, ఆయనే నేరుగా మాట్లాడారు. బంధువుల నోట వినేకంటే అలా వినడం నయం. మీ ఊళ్లో ఇప్పటికే చిల్లు అని ప్రచారం మొదలైంది కదా, అది వాళ్ల చెవిన పడకముందే అసలు సంగతి చెప్పండి.
గర్భం వస్తే ఒంట్లో రక్తం దాదాపు సగం దాకా పెరుగుతుంది, గుండె వేగమూ పెరుగుతుంది. వేగం పెరిగితే రక్తం పై గది నుంచి కిందికి దిగే వ్యవధి తగ్గిపోతుంది. సన్న వాల్వ్ దాన్ని తట్టుకోలేదు. అందుకే ముందు వాల్వ్ సంగతి చూసుకుని, ఎకో తీయించి, డాక్టరు సరేనన్నాకే పిల్లల ఆలోచన.

వార్డు_సిస్టర్
నూటికి నూరుపాళ్లు. జబ్బు ఉన్నట్టే తెలియక ఏడో నెలలో ఊపిరాడక ఎమర్జెన్సీకి వచ్చే అమ్మాయిల్ని చూస్తుంటాం. తప్పని పరిస్థితుల్లో గర్భంలోనే కడుపుకి సీసపు కవచం కప్పి బెలూన్ చేస్తారు. అక్కడిదాకా రానివ్వకూడదు.

లోహపు_వాల్వ్
నాకు మైట్రల్‌లో లోహపు వాల్వ్ పెట్టి చాలా ఏళ్లయింది. ఆపరేషన్ అంటేనే జడిసిపోయేవాళ్ల కోసం రాస్తున్నా. నేను పొలం చూసుకుంటాను, మనవణ్ణి ఎత్తుకుంటాను. రాత్రి గది నిశ్శబ్దంగా ఉంటే టిక్ టిక్ అని వినపడుతుంది. మనవడు నా ఛాతీకి చెవి ఆనించి దానిమీదే ఒకట్లు నేర్చుకున్నాడు, ఇప్పుడు వంద దాటిపోయాడు!
కానీ రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం ఎసిట్రోమ్ మాత్ర వేసుకోవాలి. రోజూ ఒకే వేళకి. రక్తం గడ్డకట్టే తీరు చూసే ఐఎన్‌ఆర్ పరీక్షలో 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలని నాకు చెప్పారు. తగ్గితే వాల్వ్‌మీద గడ్డ కడుతుంది, పెరిగితే రక్తస్రావం. ఒకసారి నడుం నొప్పికని మందుల షాపులో బిళ్లలు తెచ్చి వేసుకుంటే ముక్కునుంచి రక్తం ఆగలేదు. ఇప్పుడు ఏ మాత్ర అయినా గుండె డాక్టరుని అడిగాకే.
పెళ్లి కావాల్సిన పిల్లకి కుదిరితే సొంత వాల్వే ఉంచాలి. ఈ మాత్ర గర్భం మొదటి మూడు నెలల్లో బిడ్డకి చేటు చేయగలదు, ఆపితే తల్లి వాల్వ్‌కి ముప్పు.

కరీంనగర్_పోరడు
పెద్దాయనా, గోంగూర మొత్తం బంద్ చేసిన్రా?

లోహపు_వాల్వ్
లేదు నాయనా! ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఆ మాత్రకి ఎదురు పనిచేస్తుంది. అలాగని మానేయక్కర్లేదు, వారం వారం దాదాపు ఒకే మోతాదులో తింటే సరి. ఒక వారం అసలు ముట్టకుండా మరుసటి వారం పూటపూటా గోంగూర పచ్చడి, తోటకూర, మునగాకు అంటేనే ఐఎన్‌ఆర్ గాడి తప్పుతుంది.

గోదారి_గట్టు
జంతువు కణజాలంతో చేసిన వాల్వ్ పెడితే ఆ మాత్ర గోల ఉండదంటారు?

లోహపు_వాల్వ్
జీవితాంతం అక్కర్లేదు, నిజమే. కానీ అది సుమారు 10, 15 ఏళ్లు, చిన్నవయసువాళ్లలో ఇంకా ముందే అరిగిపోవచ్చు. అప్పుడు మళ్లీ ఆపరేషన్. మా బాబాయికి పెట్టింది కణజాలంది కాదు, నాలాంటి లోహపు రకమే, తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థ తయారుచేసిన చిత్ర వాల్వ్. మనిషికి మొదటిది అమర్చింది 1990లో. విదేశీ వాల్వ్ కొనలేని ఎందరికో అది ప్రాణం పోసింది, చెప్పుకోవాలి.

నాగావళి
ఖర్చు గురించి ఎవరూ అనలేదు. తెల్లకార్డు ఉంది.

వార్డు_సిస్టర్
ఆరోగ్యశ్రీ (ఆంధ్రలో ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) కిందికి వాల్వ్ చికిత్సలు వస్తాయి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది, కార్డూ ఎకో రిపోర్టూ చూపించి బెలూన్‌కి అనుమతి ఎలా పెడతారో అడగండి. డబ్బు కట్టకముందే అడగండి. పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రిలో 1991 నుంచి గుండె చికిత్సలు ఉచితంగానే చేస్తున్నారు, అక్కడ వరుసలో సమయం పట్టవచ్చు.
ఇంకొక ముఖ్యమైనది, ఎవరూ రాయలేదు. పెన్సిలిన్ మొదలుపెట్టారా?

నాగావళి
రాశారు. పెనిడ్యూర్ అనే పెన్సిలిన్ ఇంజెక్షన్, 12 లక్షల యూనిట్లు, 21 రోజులకోసారి. మా దగ్గర రెండు క్లినిక్‌లలో రియాక్షన్ వస్తుందని ఇంజెక్షన్ చేయం అన్నారు. బెలూన్ అయ్యాక కూడా ఇది అవసరమా?

వార్డు_సిస్టర్
బెలూన్ అయ్యాక కూడా అవసరమే. బెలూన్ ఉన్న బిగుతుని తీస్తుంది, కొత్త దెబ్బని ఆపదు. మళ్లీ గొంతు ఇన్ఫెక్షన్ వచ్చి రుమాటిక్ జ్వరం తిరగబెడితే విప్పిన వాల్వ్ మళ్లీ పాడవుతుంది. వాల్వ్ దెబ్బతిన్నవాళ్లకి కనీసం 40 ఏళ్లు వచ్చేదాకా ఇస్తారు, కొందరికి ఆ తర్వాత కూడా. రెండేళ్లు బాగుండగానే మానేసేవాళ్లే ఎక్కువ, అదే నా బాధ.
రియాక్షన్ భయం ఉత్తిది కాదు, కానీ ప్రాణాపాయం దాకా వెళ్లేది చాలా అరుదు. రియాక్షన్ వస్తే వెంటనే ఇచ్చే అడ్రినలిన్ మందు సిద్ధంగా ఉండే చోట చేయించుకుని, తర్వాత అరగంట అక్కడే కూర్చోవాలి. కలిపిన మందు చిక్కగా తెల్లగా ఉంటుంది, ఆలస్యం చేస్తే సూదిలో అడ్డం పడుతుంది. నేనైతే సీసాని ముందు అరచేతుల మధ్య పెట్టుకుని చల్లదనం పోగొడతాను, గుచ్చే చోట బొటనవేలితో కాసేపు గట్టిగా నొక్కి, మందుని మెల్లగా ఎక్కిస్తాను. గబగబా తోస్తే పిల్లలు రెండోసారి రారు.
మీ చెల్లికి మాత్రం ఒక జాగ్రత్త. వాల్వ్ ఇంత బిగుసుకుని ఉన్నప్పుడు ఇంజెక్షన్ తర్వాత బీపీ పడిపోయి గుండెకి ప్రమాదం రావచ్చని 2022లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ హెచ్చరించింది, అలాంటివాళ్లకి మాత్రలు ఆలోచించమంది. బెలూన్ అయ్యేదాకా మాత్రలు ఇస్తారా అని కార్డియాలజిస్టుని అడగండి. మీరే మార్చేయకండి.

మద్ది_చెట్టు
సిస్టర్ గారూ, మా అన్న కూతురికి 11 ఏళ్లు. పోయిన నెల మోకాలు వాచి తగ్గి, ఇప్పుడు మణికట్టు వాచింది. మీరంతా రాసింది చదివాక గుబులుగా ఉంది.

వార్డు_సిస్టర్
రేపే పిల్లల డాక్టరుకి చూపించండి. ఈఎస్ఆర్, సీఆర్పీ, ఏఎస్ఓ అనే రక్తపరీక్షలు, ఈసీజీ, ఎకో తీయిస్తారు. నొప్పి తగ్గిపోయినా సరే తీసుకెళ్లండి. చేతులు కాళ్లు వాటంతటవే మెలికలు తిరుగుతున్నా, రాతలో అక్షరాలు చెదురుతున్నా అదీ చెప్పండి.

మద్ది_చెట్టు
ఇప్పుడే వదినకి ఫోన్ చేశా. పొద్దున బస్సుకి బయల్దేరుతున్నారు.

నాగావళి
మొన్న టీఈఈ అయింది. గడ్డ లేదు, లీకేజ్ మైల్డే. మొదటి ఆసుపత్రికి ఫోన్ చేసి బెలూన్ ఎందుకు వద్దన్నారని అడిగితే, మా దగ్గర బెలూన్ చేసేవాళ్లు లేరు, బయట చేయించుకోవచ్చు అన్నారు. వచ్చే బుధవారం రెండోచోట బెలూన్‌కి రాశారు, ఆరోగ్యశ్రీ అనుమతి వచ్చింది. అబ్బాయివాళ్లకి నాన్నే వెళ్లి చెప్పారు. వాళ్ల నాన్నగారు ఆలోచించుకుని చెబుతాం అన్నారు. అబ్బాయి మాత్రం బుధవారం ఆసుపత్రికి వస్తానని చెల్లికి మెసేజ్ పెట్టాడు. ఇంక ఏం చూసుకోవాలి?

రెండు_పిల్లల_తల్లి
అబ్బాయి వస్తే డాక్టరుగారితో మాట్లాడించండి. చెల్లికి వదులుగా ఉండే నైటీలు పెట్టండి, తర్వాత కొన్ని గంటలు ఆ కాలు మడవనివ్వరు.

ఎకో_గది
డిశ్చార్జి కాగితంలో మూడు ఉన్నాయో లేదో చూసుకోండి: బెలూన్‌కి ముందు, తర్వాత వాల్వ్ ఏరియా ఎంత, లీకేజ్ పెరిగిందా, మళ్లీ ఎకో ఎప్పుడు. బెలూన్‌తో అప్పుడప్పుడు రెక్క చిరిగి లీకేజ్ బాగా పెరిగి ఆపరేషన్ అవసరం పడుతుంది, అందుకే గుండె సర్జన్ అందుబాటులో ఉన్నారా అని ముందే అడగండి. కొన్నేళ్లకి మళ్లీ సన్నబడవచ్చు కూడా, కాబట్టి ఆయాసం లేదని ఏడాది ఎకో మానొద్దు. గుండె లయ తప్పి దడగా ఉంటే ఆ రోజే ఈసీజీ.

వార్డు_సిస్టర్
పెన్సిలిన్ తేదీలు రాసే కార్డు అడిగి తీసుకోండి. అత్తారిల్లు వేరే ఊరైతే అక్కడ ఇంజెక్షన్ ఎవరు చేస్తారో పెళ్లికి ముందే మాట్లాడి పెట్టుకోండి. దొరక్కపోతే ఏ ఊరో ఇక్కడ రాయండి, ఆ చుట్టుపక్కల మా సిస్టర్లు ఎవరైనా ఉన్నారేమో కనుక్కుంటాను.